అమ్మవారి వంకర చూపు

మా అమ్మవారికి రాతిలో కళ్ళు లేవు. ముక్కు అనుకోదగ్గ ఒక గట్టు, దాని కింద పెదవులని మనమే సర్దిచెప్పుకోవాల్సిన ఒక గీత, అంతే. శుక్రవారం పొద్దున్నే అభిషేకానికి వెండి కళ్ళు ఊడదీస్తాం. ఆ కాసేపూ ఆ ముఖం ఉత్త రాయి. పసుపు నీళ్ళు కారుతున్న ఆ ఉత్త రాయిని నేను ఐదేళ్ళప్పుడు తెర సందులోంచి తొంగిచూశాను. చూడొద్దన్నది చూసినందుకు ఎవరూ కొట్టలేదు గానీ మూడు రోజులు జ్వరమొచ్చింది. ఈ వయసులో కూడా నా పీడకలల్లో దయ్యాలు రావు, పాములు రావు. కళ్ళు లేని ఒక ముఖం నా వైపు తిరిగి ఉంటుంది. అది నన్ను చూస్తున్నదో లేదో తెలియదు. ఆ తెలియకపోవడమే భయం.

గుడి అనగానే పెద్ద గోపురం ఊహించుకోకండి. హుస్సేనీ ఆలం దగ్గరి సందుల్లో, గాజుల కొట్టుకీ ఇత్తడి సామాన్ల కొట్టుకీ మధ్య, ఎవరైనా స్కూటర్ అడ్డం పెడితే కనపడకుండా పోయే గుమ్మం. లోపల నాలుగు స్తంభాల చిన్న మండపం, దాని చివర గర్భగుడి. తాతల నాటి నుంచీ అక్కడ పూజ మా ఇంటివాళ్ళదే. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి చేసింది మా బాపు, అంటే మా నాన్న.

అలంకారంలో ఆఖరి పని కళ్ళు పెట్టడం. చీర కట్టి, పసుపు పూసి, గుడిమల్కాపూర్ పూల మార్కెట్ నుంచి వచ్చిన బంతీ చామంతీ దండలు వేసి, అన్నీ అయ్యాక బాపు తేనెమైనం ఉండ తీసి వేళ్ళ మధ్య నలిపేవాడు. వెండి రేకు వెనక మైనం ఒకవైపు మందంగా పెడితే కన్ను రెండోవైపుకి తిరుగుతుంది. పైన మందంగా పెడితే చూపు కిందికి దిగుతుంది. అంతా ఆ గోరంత మైనంలోనే ఉంది. మైనం చేతిలోకి తీసుకునే ముందు బాపు తెరను ఒక చేత్తో కొంచెం జరిపి మండపంలోకి ఒకసారి చూసేవాడు. ఎంతమంది వచ్చారో లెక్క చూసుకుంటున్నాడని అనుకునేవాణ్ణి.

మా ఇంట్లో ఒక పట్టింపు ఉంది. ఇంకెక్కడా ఉందో లేదో నాకు తెలియదు. కళ్ళు పెట్టినవాడు అమ్మవారికి ఎదురుగా నిలబడకూడదు. పక్క నుంచే పెట్టాలి, పక్కకే తప్పుకోవాలి. ఎందుకని అడిగితే బాపు ఒకటే మాట అనేవాడు. "చూపు వెట్టినోని మీద పడొద్దు బిడ్డా. అడుక్కుందామని వచ్చినోళ్ళ మీద పడాలె." హారతిచ్చేటప్పుడూ, తీర్థం పోసేటప్పుడూ పక్కనే. నలభై ఏళ్ళకు పైగా ఆ కళ్ళు పెట్టిన మనిషి ఆ కళ్ళ ముందు నిలబడగా నేను ఒక్కసారి కూడా చూడలేదు.

సమస్య ఏమిటంటే, ఆ కళ్ళు వంకరగా ఉండేవి.

కొద్దిగానే. అమ్మవారు ఎదురుగా చూడదు. మనం లోపలికి వెళ్తుంటే ఎడమచేతి వైపు, అదీ బాగా కిందికి చూస్తుంది. గుడిలో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. అమ్మవారంటే అట్లాగే ఉంటుందని అనుకున్నారు. నేను కూడా అట్లాగే అనుకునేవాణ్ణి, బొమ్మలు గీయడం నేర్పే కాలేజీలో చేరేదాకా.

రెండో ఏడాదిలో మా సారు నేను గీసిన ముఖాలన్నీ గోడకు వరసగా ఆనించి, చేతులు కట్టుకుని చాలాసేపు చూశాడు. కూరగాయలమ్మే ఆవిడ, టోపీ పెట్టుకున్న ముసలాయన, మా మేనత్త, అద్దంలో నేను. "అన్నీ బాగున్నాయి. కానీ వీళ్ళంతా ఎవరిని చూస్తున్నారయ్యా?" అన్నాడు. అప్పుడు చూసుకున్నాను. ఒక్కరు కూడా ఎదురుగా చూడటం లేదు. అందరూ ఎడమవైపు కిందికి, నేల మీద ఏదో పడిపోయినట్టు చూస్తున్నారు. తోటివాళ్ళు నవ్వారు. ఆ చూపు నాది కాదు, నేను ఎన్నడూ కావాలని గీయలేదు. అది నా చేతిలో నాకు తెలియకుండా కాపురముంటోంది.

ఆ శుక్రవారం గుడికి వెళ్ళి బాపుతో లొల్లి పెట్టుకున్నాను. అప్పటికి గుడికి పోవడం మానేసి చాలా రోజులైంది. తెర తీశాక, జనం తగ్గాక, నా కొత్త చదువంతా గొంతులో పెట్టుకుని చెప్పాను. "బాపూ, నువ్వు వెట్టే కళ్ళు వంకరున్నయ్. రెండు కళ్ళూ మధ్యగీతకు సమానంగ ఉండాలె."

బాపు దీపంలో ఒత్తి సరిచేస్తున్నాడు. తల ఎత్తలేదు.

"వంకరనే," అన్నాడు. "ఉండనీ."

అంతే. తర్వాత ఎన్నిసార్లు కదిలించినా ఆ రెండు మాటలు దాటి పోలేదు. చేతకాని పనికి మొండితనం ముసుగేశాడని నేను తేల్చుకున్నాను. కన్నతండ్రి గురించి అంత తేలిగ్గా తేల్చుకునే వయసు అది.

నా మొదటి బొమ్మల ప్రదర్శనకు బాపు వచ్చాడు. నలుగురం కలిసి పెట్టుకున్న ప్రదర్శన. పంచె, ఉత్తరీయం, నుదుట కుంకం బొట్టుతో ఆయన ఆ తెల్లటి గదిలోకి రాగానే నాకు ముఖం చెల్లలేదు, నిజం చెప్పాలంటే సిగ్గేసింది. అందరూ బొమ్మల ముందు నిలబడి చూస్తున్నారు. బాపు మాత్రం ఒక బొమ్మకు పక్కన నిలబడ్డాడు. అలవాటు. పక్క నుంచే ఆ ముఖం వంక చూసి, ఆ కళ్ళు చూస్తున్న దిక్కు పట్టుకుని, నడుం వంచి ఆ మూలన ఉత్త నేలను చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ముసిముసిగా నవ్వుకుంటూ బయటికి వెళ్ళి చెప్పులేసుకున్నాడు. బస్సెక్కేముందు "ఎవలి కోసం గీస్తున్నవ్ రా?" అని అడిగాడు. ఎవరికోసమో నాకే తెలిస్తే ఆ ముఖాలు నేలచూపులు ఎందుకు చూస్తాయి?

ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. కొన్నేళ్ళపాటు గీశాను, చెరిపాను. ఎదురుగా చూసే ఒక్క ముఖమైనా గీయాలని పంతం పట్టాను. కొలతలన్నీ సరిగ్గా పెట్టి గీసినా, రంగు ఆరేసరికి చూపు కిందికి జారేది. ఇందులో అతిశయోక్తి ఉందని మీరనుకుంటే అనుకోండి. నాకు ఆ రోజుల్లో నా గదిలో బొమ్మలతో ఒంటరిగా ఉండాలంటే భయంగా ఉండేది. గదినిండా ముఖాలు, అన్నీ నన్ను వదిలేసి నా కాళ్ళ దగ్గర ఎవరినో చూస్తున్నాయి. చివరికి కుంచెలు మూటగట్టి అటక మీద పడేశాను. పెళ్ళి కార్డులూ, నగల దుకాణాల ఫ్లెక్సీలూ డిజైన్ చేసే పనిలో కుదిరాను. అక్కడా వదల్లేదు. "సార్, అమ్మాయి మన కస్టమర్‌ని చూడాలె గదా, నేల చూపులు చూస్తున్నదేంది?" అని ఒక సేఠ్ అడిగాడు. కంప్యూటర్‌లో కంటిపాప పట్టుకుని ఎదురుగా లాగాను. కంప్యూటర్‌లో అయితే అంత తేలిక.

అట్లా ఇరవై ఏళ్ళు గడిచాయి. సైదాబాద్‌లో చిన్న ఫ్లాట్, పెళ్ళాం, ఉద్యోగం. అమ్మ పోయాక బాపు నా దగ్గరే ఉంటూ, రోజూ పొద్దున్నే మొదటి బస్సుకు గుడికి వెళ్ళొచ్చేవాడు. ఒకరోజు బస్సు దిగుతూ పడిపోయాడు. పక్షవాతం. కుడిచేయి పోయింది, మాట పోయింది. మిగిలింది ఎడమచేయి, "ఊఁ" అనే ఒక శబ్దం.

గుడి మూతపడకూడదు. ఇంకెవరూ లేరు. చిన్నప్పుడు నోటికొచ్చిన మంత్రాలు నోట్లోనే ఉన్నాయి. ఆఫీసులో మాట్లాడుకుని పొద్దుటి పూజ నేనే మొదలుపెట్టాను.

మొదటి శుక్రవారం వెండి కళ్ళు చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు భక్తి కలిగిందని చెబితే అబద్ధం. కసి కలిగింది. నా చేతిలోకి ఆ నేలచూపు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఐదేళ్ళ వయసు నుంచీ ప్రతి వారం ఆ వంకర కళ్ళను చూసి చూసి పట్టిన జబ్బు అది. ఆ జబ్బును పుట్టిన చోటే నయం చేద్దామనుకున్నాను. ఫోన్‌ను స్టాండుకు బిగించి అమ్మవారికి సరిగ్గా ఎదురుగా పెట్టాను. ఫోన్ తెర మీద అడ్డగీతలు, నిలువుగీతలు వచ్చేట్టు చేసుకున్నాను. ఎదురుగా నిలబడకూడదన్న పట్టింపు నాకు గుర్తుంది. నేను నిలబడలేదు కదా, ఫోన్ నిలబడింది అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. మైనం అన్నివైపులా సమంగా పెట్టి, గీతలకు కలిపి, కళ్ళు నిటారుగా, ముద్దుగా, ఎదురుగా చూసేట్టు పెట్టాను.

తెర తీయగానే జనం అబ్బురపడ్డారు. "చిన్న పంతులు చేతిల ఏదో ఉన్నది, అమ్మ ముఖం ఎంత కళగున్నదో" అన్నారు. బాపు కాలం నుంచీ గోడకు "ఫోటోలు తీయరాదు" అని బోర్డు ఉంది. నేను దాన్ని తీసేయలేదు గానీ చూసీచూడనట్టు ఊరుకున్నాను. సాయంత్రానికి అమ్మవారు వందల ఫోన్లలోకి వెళ్ళింది. నాకు చాలా గర్వంగా అనిపించింది. ఇన్నేళ్ళలో నేను చేసిన ఒక ముఖం ఎదుటివాళ్ళను చూసింది.

మూడో శుక్రవారం ఒక ముసలమ్మ తీర్థం తీసుకోకుండా నిలబడింది. పసుపు కుంకాల టోకు వ్యాపారం చేసే ఇంటి పెద్దమ్మ. ఇల్లు అక్కడికి రెండు సందులవతల, భర్త పోయి చాలా ఏళ్ళు. నడుం బాగా వంగిపోయి, నిలబడితే కళ్ళు మన మోకాళ్ళను చూస్తాయి. ఎప్పుడొచ్చినా ఎడమ స్తంభం మొదట్లో నేలమీద చతికిలబడి కూర్చునేది. నేను ఆమెను అప్పటిదాకా సరిగ్గా చూడను కూడా లేదు.

"చిన్న పంతులూ, అమ్మ నన్ను చూస్తలేదు," అంది.

"అమ్మ అందర్నీ చూస్తదమ్మా," అన్నాను. పూజారులు ఇట్లాంటి మాటలు ఎంత తొందరగా నేర్చుకుంటారో చూడండి.

"అందర్ని చూసేది ఎట్లనన్న చూస్తది. నన్ను చూస్తలేదు. మూడు వారాలాయె." గొంతులో కోపం లేదు. ఇంట్లో దీపం ఆరిపోయిందని చెప్పినట్టు చెప్పింది. స్తంభం పట్టుకుని పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాతి వారం రాలేదు. ఆ పై వారం కూడా రాలేదు.

పెద్దవాళ్ళ చాదస్తం అని కొట్టిపారేయడానికి చాలా ప్రయత్నించాను. కుదరలేదు. హారతిచ్చేటప్పుడు నా కన్ను ఆ స్తంభం మొదట్లో ఖాళీ మీదికే పోయేది. నా పాత కల తిరిగొచ్చింది, కొంచెం మారి వచ్చింది. ఇప్పుడు ఆ రాతి ముఖానికి కళ్ళున్నాయి, చక్కటి కళ్ళు, నేను పెట్టినవే. అవి నా నెత్తి మీదుగా ఎటో చూస్తున్నాయి. నేను ఎంత ఎగిరినా వాటికి అందను. చెమట పట్టి లేచి, పక్క గదిలో బాపు నిద్రపోకుండా పైకప్పు చూస్తుంటే పోయి మంచం పక్కన కూర్చునేవాణ్ణి. ఒకరోజు అడిగేశాను. "బాపూ, కళ్ళు ఎటు చూసేటట్టు వెట్టేటోనివి?"

"ఊఁ," అన్నాడు. ఆయన చూపు నా ముఖం మీంచి జారి, మంచం కోడు పక్కన నేల మీదికి దిగి, అక్కడ ఆగింది. నేను కూడా అటు చూశాను. చాపా, నీళ్ళ చెంబూ ఉన్నాయి, అంతే.

తర్వాతి శుక్రవారం పాత చూపు తెద్దామని చూశాను. నా వల్ల కాలేదు. ఎడమకు తిప్పితే మెల్లకన్ను అయింది, కిందికి దింపితే నిద్రపోతున్నట్టయింది. ఒక తల్లి చంకలోని పిల్ల ఆ ముఖం చూసి కెవ్వుమంది. గబగబా తెర వేసి మళ్ళీ నిటారుగా పెట్టేశాను. ముప్పై ఏళ్ళు నేను వంకర అని వెక్కిరించినదాన్ని చేయడం నాకు చేతకాలేదు. బాపు ఫోటోలు తీయనివ్వలేదు కాబట్టి చూసి పెట్టడానికి ఒక్క ఫోటో లేదు. చూపు తెలిసిన బాపుకు మాట లేదు. ఇక మిగిలింది ఆ ముసలమ్మే.

ప్రసాదమూ, అమ్మవారి మెడలోంచి తీసిన దండా తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. కింద గోదాము, పైన ఇల్లు. మెట్లెక్కుతుంటేనే పసుపు ఘాటుకు తుమ్ములొచ్చాయి. ముసలమ్మ కిటికీ పక్కన నేలమీద కూర్చుని ఉంది. దండ కళ్ళకద్దుకుని, "కూసో బిడ్డా. చాయ్ తాగుతవా?" అంది.

"అమ్మా, నా తప్పయింది. బాపు వెట్టిన చూపు నాకు వస్తలేదు. అదెట్లుండెనో నువ్వు చెప్పాలె. నీకోసం వెట్టిన చూపు గదా."

ఆమె నన్ను ఎగాదిగా చూసి నవ్వింది.

"నాకోసమా? నాకోసం ఎందుకు వెడ్తడు? నేను నడుమ వచ్చినదాన్ని." చీరకొంగు సర్దుకుంది. "నా బిడ్డ పోయిన సాలు నాకు మతి లేకుండె. గుళ్ళె ఎక్కడ కూసున్నా అమ్మ నా దిక్కు చూస్తలేదు అనిపించేది. గా స్తంభం కాడ జాగ ఖాళీగుండె. మీ బాపును అడిగిన, పంతులూ గీడ కూసోవచ్చునా అని. కూసో అమ్మా, చూపైతే అటే ఉన్నది, ఎవ్వలు లేక ఊకెనే పోతున్నది అన్నడు."

"ఊకెనే పోతున్నదా?"

"అది నీ జాగ గదా. నువ్వు అప్పటికి కాలేజీల వడ్డవ్, గుడికి వచ్చుడు బంద్ చేసినవ్." ఎంత మామూలుగా చెప్పిందంటే, నాకు తెలిసిన సంగతినే గుర్తుచేస్తున్నానని ఆమె అనుకున్నట్టుంది. "మొదట్ల ఆ చూపు నాకు దొరకకపోయేది బిడ్డా. మస్తు కిందికుండె. వంగి వంగి కూసునేదాన్ని. గంత కిందికి ఎందుకు వెట్టినవ్ పంతులూ, జర లేపరాదా అంటే లేపకపాయె. ఇగ ఇప్పుడు నడుం అదే వంగింది, ఫికర్ లేదు." తన వంగిన వీపు మీద తనే చెయ్యి వేసుకుని మళ్ళీ నవ్వింది. "ముప్పై ఏండ్లు నీ పళ్ళెంలది నేను తిన్న. నువ్వు లేవంగనే కూసున్న. ఏమనుకోకు."

చాయ్ ఎప్పుడు తాగానో తెలియదు. గుడిలో నా జాగ ఏమిటో నేను ఒక్కసారి కూడా గుర్తు చేసుకోలేదు. బాపు పూజ చేస్తుంటే నేను మండపంలో సుద్దముక్కతో బొమ్మలు గీసుకునేవాణ్ణని మాత్రం గుర్తుంది. ఎక్కడ కూర్చుని గీసేవాణ్ణో గుర్తులేదు.

మరుసటి శుక్రవారం మా ఆవిడా నేనూ కలిసి బాపును ఆటోలో ఎక్కించాం. గుడిలో ఇంకా ఎవరూ రాలేదు. ఎడమ స్తంభం పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసి బాపును కూర్చోబెట్టాను. అభిషేకం చేశాను. పసుపు పూశాను. తెర వేయలేదు. ఆయన ఎదురుగా, మొట్టమొదటిసారి ఎదురుగా, ఆ ఉత్త రాతి ముఖాన్ని చూస్తూ కూర్చున్నాడు.

మైనం నలిపి కళ్ళు పెట్టాను. వెనక్కి తిరిగి చూశాను. బాపు ఎడమచెయ్యి లేచింది. ఇటు అని వేళ్ళతో సైగ. మైనం సర్దాను. ఇంకొంచెం. ఇప్పుడు చూపు సరిగ్గా కుర్చీ మీద, ఆయన ముఖం మీద పడుతోంది. సరిపోయిందనుకున్నాను. బాపు తల అడ్డంగా ఊపాడు. అరచెయ్యి బోర్లించి కిందికి అన్నాడు. పైభాగంలో మైనం మందం చేశాను. కిందికి. ఇంకా. ఆయన అరచెయ్యి మోకాలు దాటింది. కుర్చీ అంచు దాటింది. నేల ఇంకా జానెడు ఉందనగా ఆగింది.

"అక్కడ ఎవరున్నరు బాపూ?" అన్నాను.

"ఊఁ," అన్నాడు. ఆ అరచెయ్యి జానెడెత్తున ఖాళీ గాలిని రెండుసార్లు తట్టింది. పిల్లల తల మీద తట్టినట్టు.

వెండి కళ్ళను గట్టిగా అదిమి పెట్టేశాను. తర్వాత మా ఇంటి పట్టింపును తప్పాను. గర్భగుడిలోంచి దిగి, మండపం దాటి, స్తంభం పక్కకు వెళ్ళాను. కూర్చుని చూశాను. చూపు నా ఛాతీ దగ్గర పోతోంది. వంగాను. చాలలేదు. యాభై దాటిన మనిషిని, పొట్ట పెరిగిన మనిషిని, మడికట్టుతోనే బోర్లా పడుకున్నాను. చల్లటి బండ. మోచేతులు నేలకానించి అరచేతుల్లో గడ్డం పెట్టుకున్నాను. అప్పుడు ఒళ్ళే గుర్తుపట్టింది. బోర్లా పడుకునే గీసేవాణ్ణి. గీస్తూ గీస్తూ తలెత్తేవాణ్ణి.

తలెత్తాను. అమ్మ నన్ను చూసింది.

ఇంతకు మించి దాన్ని చెప్పడం నాకు రాదు. నేను ఏడ్చాను. నాకు జ్వరమొచ్చిన వారం తర్వాత బాపు ఆ కళ్ళను తిప్పి ఉంటాడు. కళ్ళు లేని ముఖాన్ని చూసి దడుచుకున్న పిల్లవాడికి, నిన్ను చూస్తున్నదిరా, భయపడకు అని చెప్పడానికి ఆయనకు ఆ గోరంత మైనం తప్ప వేరే మాట లేదు. తెర జరిపి చూసింది జనాన్ని కాదు. ఆ రోజు నేను ఎక్కడ పడుకున్నానో చూసుకున్నాడు. నేను లేచి వెళ్ళిపోయాక కూడా మార్చలేదు. ఆ పెద్దమ్మ బతిమాలినా జానెడు పైకి లేపలేదు. నా ప్రదర్శనలో నా బొమ్మ పక్కన నిలబడి, ఆ కళ్ళు చూస్తున్న ఉత్త నేలను చూసి నవ్వుకున్నాడంటే, అక్కడ ఆయనకు నేను కనపడ్డాను. ఒక్క ముక్క చెప్పొచ్చుగా! వంకరనే, ఉండనీ అని ఊరుకోకపోతే! నాకు కోపమొచ్చింది, ఇప్పటికీ వస్తుంది. నేను ఇరవై ఏళ్ళు కుంచె ముట్టకుండా భయపడింది ఈ చూపుకా?

కాసేపటికి లేచి, కళ్ళు తుడుచుకుని, కుర్చీ వైపు చూశాను. చూపు బాపు మోకాళ్ళ పక్కగా వెళ్ళిపోతోంది. ఆయన మీద పడటం లేదు. బతుకంతా పక్కన నిలబడ్డ మనిషి, ఎదురుగా కూర్చున్న ఒక్క రోజు కూడా పడటం లేదు.

"బాపూ, ఒక్కసారి నీ మీదికి తిప్పుతా. ఒక్క ఐదు నిమిషాలు," అని మైనం తీశాను.

"ఊఁ ఊఁ," అని తల అడ్డంగా ఊపాడు. గట్టిగానే ఊపాడు. చెయ్యి మళ్ళీ కిందికి చూపించింది.

నేను మార్చలేదు. తెర వేశాను. హారతి వేళకు బాపు కుర్చీని పక్కకు జరిపాను, ఎప్పుడూ ఆయన నిలబడే వైపుకి.

పెద్దమ్మకు కబురు పంపాను. వారం తిరక్కుండా వచ్చింది, స్తంభం మొదట్లో చతికిలబడి, తలెత్తింది. "వచ్చింది," అంది. ఆ చలికాలంలోనే బాపు పోయాడు. పెద్దమ్మ ఇంకో రెండేళ్ళు వచ్చి, రావడం మానేసింది. వాళ్ళబ్బాయి వచ్చి పెద్దకర్మకు పిలిచాడు.

అటక మీది కుంచెలు దింపాను. ఏం గీస్తున్నానో, ఎందుకో ఇప్పటికీ గట్టిగా చెప్పలేను. గీసే ముందు మాత్రం, బాపు తెర జరిపి చూసినట్టు, ఒకసారి పక్కకు తిరిగి నేల చూస్తాను. ఎవరూ ఉండరు. అయినా చూస్తాను.

మొన్న ఆషాఢంలో జనం బాగా ఉన్నప్పుడు ఒకతను ఫోన్ పైకెత్తి ఫోటో తీసుకోబోయి ఆగాడు. ఫోన్ తెర మీద వేళ్ళతో పెద్దది చేసి, చిన్నది చేసి చూశాడు. దగ్గరికొచ్చి, అందరి ముందు నా పరువు పోకుండా చెవిలో చెప్పాడు. "పంతులుగారూ, అమ్మవారి కండ్లు కొంచెం వంకరొచ్చినయ్. కిందికి చూస్తున్నది. అక్కడ ఎవ్వరు లేరు."

నేను అమ్మవారి పక్కన, ఆ చూపు పడని చోట నిలబడి, తీర్థం పోస్తున్నాను. ఎడమ స్తంభం వంక చూశాను.

"వంకరనే తమ్మీ," అన్నాను. "ఉండనీ."